హాస్టల్‌కొచ్చాక ఆటా నడకా రెండూ పోయాయి. నా బద్ధకమేనా, ఇంకేమైనా ఉందా?

ఖోఖో_పిల్ల

అందరికీ నమస్కారం. నేను బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరం. హైదరాబాద్ శివార్లలో కాలేజీ, ఊరు దూరం కాబట్టి క్యాంపస్ హాస్టల్లోనే ఉంటాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను. సాయంత్రం లాంగ్ బెల్ కొట్టగానే బ్యాగులు వేపచెట్టు కింద పడేసి ఖోఖో ఆడేవాళ్లం. పీఈటీ సార్ సున్నంతో గీతలు గీసేవారు. స్తంభం పట్టుకుని తిరిగీ తిరిగీ అరచేతులు కాయలు కాసేవి, మోకాళ్లకి అంటిన ఎర్రమట్టి ఎంత రుద్దినా పూర్తిగా పోయేది కాదు, అమ్మ రోజూ తిట్టేది. మండల స్థాయిలో రెండుసార్లు ఫైనల్‌కి వెళ్లాం. అప్పుడు నన్ను ఎవరూ వ్యాయామం చెయ్యమనలేదు, నేనూ చేస్తున్నాననుకోలేదు. ఆడేదాన్ని, అంతే.

ఇంటర్ రెండేళ్లు విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీ. ఐదంతస్తుల బిల్డింగ్, కింద మెస్, దాని పైన క్లాసులు, ఆ పైన రూములు. పొద్దున 5:30కి స్టడీ అవర్ మొదలైతే రాత్రి 10 దాకా కూర్చునే ఉండాలి. డాబా తలుపుకి ఎప్పుడూ తాళమే. ఆ రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా పరిగెత్తిన గుర్తు లేదు.

బీటెక్‌కి వస్తే అన్నీ మారిపోతాయనుకున్నాను. ఇక్కడ గ్రౌండ్ ఉంది, వాలీబాల్ కోర్టు ఉంది, జిమ్ కూడా ఉంది. కానీ క్లాసులు అయ్యేసరికి 4:20, ల్యాబ్ ఉంటే 5 దాటుతుంది, గర్ల్స్ హాస్టల్ గేటు 6:30కి వేసేస్తారు. ఆ మధ్యలో గ్రౌండ్‌కి వెళ్తే అంతా అబ్బాయిలే, క్రికెట్ ఆడుతుంటారు, ఒక్కదాన్నే అటు నడిచినా అందరి కళ్లూ నా మీదే ఉంటాయి. జిమ్‌లో అమ్మాయిల టైం పొద్దున 6 నుంచి 7. తాళం చెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, ఆయన వచ్చేసరికి 6:40. రూములో చేద్దామంటే నలుగురం ఉంటాం. రెండు మంచాల మధ్య యోగా మ్యాట్ సగమే పరుచుకుంటుంది, మిగతా సగం బకెట్ల దగ్గర మడిచి పెట్టాలి, చేతులు పైకెత్తితే తాడు మీద ఆరేసిన తడి బట్టలు తగులుతాయి. పైగా ముగ్గురూ నిద్రపోతుంటారు కాబట్టి చప్పుడు కాకుండా చెయ్యాలి. మూడు రోజులు చేశాను, నాలుగో రోజు అలారం ఆపేసి పడుకున్నాను. ఇలా ఇప్పటికి ఐదారుసార్లు అయింది.

ఫోన్‌లో చూస్తే రోజుకి 2,300 అడుగులు, ఆదివారం 900. మూడో అంతస్తులో మా రూముకి ఎక్కేసరికి ఆయాసం వస్తోంది, నాకు 19 ఏళ్లు. రూమ్మేట్లని అడిగితే "సన్నగానే ఉన్నావుగా, నీకెందుకే" అంటారు. అమ్మకి చెప్తే "ఇప్పుడు ఆటలెందుకమ్మా, క్యాంపస్ ప్లేస్‌మెంట్ చూసుకో" అంటుంది. నాలోనే పట్టుదల లేదేమో అని బాధగా ఉంది. మీలో ఎవరైనా ఇలాంటి చోట ఉండి మళ్లీ మొదలుపెట్టారా? ఎలా చేశారు?

---

పుషప్స్_50

సాకులు ఎప్పుడూ దొరుకుతాయి. నేనూ హాస్టలే, నేనూ ఫోర్ షేరింగే, రోజూ 50 పుషప్స్, 50 స్క్వాట్స్ చేస్తాను, రాత్రి 9కి గ్రౌండ్ చుట్టూ ఆరు రౌండ్లు కొడతాను. జిమ్ లేదు, తోడు లేదు. మనసుంటే మార్గం ఉంటుంది. రేపు పొద్దున లేచి మొదలుపెట్టండి, మిగతావి ఆలోచించొద్దు.

---

తార్నాక_టు_ఆర్ట్స్‌కాలేజ్

బద్ధకం కాదు చెల్లీ. నా సంగతి చెప్తాను, ఎందుకంటే ఒకే మనిషి రెండు చోట్ల రెండు రకాలుగా ఎలా అయిపోతాడో నా ఒంటి మీదే చూసుకున్నాను.

2013 నుంచి రెండేళ్లు ఉస్మానియాలో ఎంఏ చదివాను. హాస్టల్ నుంచి మెస్‌కి, అక్కణ్ణుంచి ఆర్ట్స్ కాలేజీకి, మధ్యాహ్నం లైబ్రరీకి, సాయంత్రం టీ తాగడానికి తార్నాక దాకా, అన్నీ కాలినడకే, పైగా పక్కన ఇద్దరు ముగ్గురు ఏదో ఒకటి వాదించుకుంటూ నడిచేవాళ్లు కాబట్టి దూరం తెలిసేది కాదు. తెల్లారకముందే విద్యానగర్ నుంచీ తార్నాక నుంచీ వాకర్లు వచ్చేవాళ్లు, పెద్దవాళ్లు, చీర మీద బూట్లు వేసుకున్న ఆడవాళ్లు, పోలీసు ఉద్యోగాల కోసం పరిగెత్తే కుర్రాళ్లు. కిటికీ తీస్తే జనం నడుస్తూ కనిపిస్తుంటే మనకీ కాళ్లు ఊరుకోవు. నేను ఒక్కరోజు కూడా వాకింగ్‌కి వెళ్లాలని తీర్మానం చేసుకోలేదు, అయినా రోజుకి ఆరేడు కిలోమీటర్లు నడిచి ఉంటాను.

తర్వాత గ్రూప్స్ కోసం అశోక్‌నగర్‌లో రూము తీసుకున్నాను. కోచింగ్ మూడు నిమిషాలు, మెస్ రెండు నిమిషాలు, టీ కొట్టు బిల్డింగ్ కిందే. రోజుకి 12 గంటలు స్టడీ రూములో కుర్చీలో. బయట నడుద్దామంటే ఫుట్‌పాత్ మీద బైకులు, పుస్తకాల కుప్పలు, టిఫిన్ బండ్లు, పక్కనుంచి హారన్లు. ఏడాదిలో 11 కిలోలు పెరిగాను. అప్పుడు నా పట్టుదల తగ్గిందని ఎవరైనా అంటే ఒప్పుకోను, జీవితంలో అంత పట్టుదలగా ఎప్పుడూ చదవలేదు. చోటు మారింది, పక్కన నడిచే మనుషులు పోయారు, అంతే.

నువ్వు రాసినదాంట్లో నాకు బాగా తగిలింది ఇంటర్ బిల్డింగ్. తినేది, చదివేది, పడుకునేది ఒకే మెట్ల దారిలో ఉంటే 16 ఏళ్ల పిల్లకి నడవడానికి కారణమే ఉండదు. పిల్లలకి ఒళ్లు వంచే అలవాటు పోగొట్టేది అక్కడే అని నా గట్టి నమ్మకం, దాని మీద మన తల్లిదండ్రులు ఒక్కమాట కూడా అడగరు, ర్యాంకు ఎంత అని తప్ప.

ఇప్పటికి ఒక చిన్న పని చెయ్యి. మీ హాస్టల్ నుంచి క్లాసుకీ, క్యాంటీన్‌కీ, మెయిన్ గేటుకీ ఎన్ని అడుగులో ఒకసారి లెక్కపెట్టు. క్యాంపస్ చుట్టూ తిరిగే రోడ్డు ఉంటే క్లాసు నుంచి వచ్చేటప్పుడు అటునుంచి రా. 4:20కి అందరూ హాస్టల్ వైపే వెళ్తారు కదా, ఆ గుంపులో ఒకరిద్దరిని చుట్టూ తిరిగి వద్దాం రమ్మని అడుగు. దాన్ని వ్యాయామం అనకు, కబుర్లు చెప్పుకుంటూ వెళ్దాం అను.

---

పీడీ_22ఏళ్లు

అమ్మా, నేను ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. నీ పోస్టు రెండుసార్లు చదివాను. పైన పుషప్స్ చేసే బాబుకి కూడా చెప్తున్నాను, నీ క్రమశిక్షణ మంచిదే నాన్నా, కానీ నువ్వు రాత్రి 9కి గ్రౌండ్‌లో ఆరు రౌండ్లు కొడతానని రాశావు, ఆ అమ్మాయి గేటు 6:30కే పడిపోతుంది. మీ ఇద్దరికీ ఉన్నది ఒకే హాస్టల్ జీవితం కాదు.

లెక్కలు కూడా ఇదే చెప్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 18 దాటినవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలి, రెండు రోజులు కండరాలకి పని పడాలి. 17 ఏళ్ల లోపు పిల్లలకైతే సగటున రోజుకి 60 నిమిషాలు. 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది ఆ 150 నిమిషాలు కూడా అందుకోవడం లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. ఈ తేడా ఆడపిల్లలు బద్ధకస్తులవడం వల్ల వచ్చిందంటే నేను నమ్మను, 22 ఏళ్లుగా గ్రౌండ్‌లో నిలబడి చూస్తున్నాను కదా.

మా కాలేజీలో జరిగింది చెప్తాను. మొదటి ఆరేడేళ్లు అమ్మాయిలు గ్రౌండ్‌కి రారు అని నేనూ అందరిలాగే అనేవాణ్ణి. ఒకసారి బీకాం అమ్మాయి నా రూముకి వచ్చి "సార్, ఆడాక బట్టలు మార్చుకోవడానికి చోటెక్కడుంది?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆరోజు గ్రౌండ్ చుట్టూ ఒకసారి నడిచి, ఆడపిల్లని అయితే ఇక్కడికి వస్తానా అని ఆలోచించాను. నెలసరి రోజుల్లో వెళ్లడానికి బాత్రూమ్ లేదు, తాగడానికి నీళ్ల కుళాయి బాయ్స్ హాస్టల్ వైపు ఉంది, బంతులు నెట్‌లు అన్నీ నా రూములో తాళం వేసి ఉన్నాయి, నేను లేకపోతే ఆట లేదు. అప్పుడు ప్రిన్సిపాల్ గారిని బతిమాలి పాత స్టోర్‌రూము శుభ్రం చేయించి గొళ్లెం పెట్టించాం. వారంలో మూడు రోజులు క్లాసు వదలగానే గంటసేపు గ్రౌండ్‌లో సగం అమ్మాయిలకే అని కట్టుదిట్టం చేశాం, బస్సు ఆ గంట తర్వాతే బయల్దేరేలా మాట్లాడాం. త్రోబాల్ కిట్ తాళం చెవి నా దగ్గర కాకుండా వాళ్ల హాస్టల్లో పెట్టాం.

మొదటి రోజు ముగ్గురొచ్చారు. ఆ ముగ్గురిలో ఒకరు రాకపోతే మిగతా ఇద్దరూ రారు. రెండు వారాలు అదే బాధ. తర్వాత వాళ్లలోనే ఒకమ్మాయికి "నువ్వే కెప్టెన్, ఎవరు రాలేదో రూముకి వెళ్లి పిలువు" అని అప్పజెప్పాను. నేను మైకులో పిలిస్తే రానివాళ్లు ఆ పిల్ల తలుపు తడితే వచ్చారు. సెమిస్టర్ చివరికి 26 మంది. ఆరోగ్యం మీద నేను ఇచ్చిన ఉపన్యాసాలకి ఒక్కరూ వచ్చి ఉండరు, ఇది మాత్రం నిజం.

నీ విషయంలో నేనైతే మొదట జిమ్ తాళం చెవి సంగతి తేల్చుకోమంటాను. ఒక్కదానివే వెళ్లకు, నలుగురితో సంతకాలు పెట్టించి కాగితం రాసుకుని వార్డెన్ మేడమ్ దగ్గరికి వెళ్లు. నోటిమాటకి "చూద్దాంలే" అంటారు, కాగితానికి సమాధానం చెప్పాలి. మీ కాలేజీలో కూడా పీడీ ఉంటారు, ఆయన్ని కలువు. అమ్మాయిలు అడగరని ఆయనా అనుకుంటూ ఉండొచ్చు.

---

800_మీటర్లు

నేను కానిస్టేబుల్‌ని, కరీంనగర్ వైపు. అమ్మ గురించి నువ్వు రాసింది చదివి ఈ రిప్లై పెడుతున్నా.

డిగ్రీ చదివేటప్పుడు పొద్దున పరిగెత్తడానికి వెళ్తానంటే మా ఇంట్లో ససేమిరా అన్నారు. నలుగురు ఏమనుకుంటారు, ట్రాక్ ప్యాంటులో రోడ్డు మీదకా అని నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. 2022లో పోలీసు నోటిఫికేషన్ పడింది. ఆడవాళ్లకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరిగెత్తాలి, లాంగ్ జంప్ 2.5 మీటర్లు, 4 కిలోల గుండు 4 మీటర్లు విసరాలి. ఇది ఉద్యోగం అని తెలిశాక అదే నాన్న తెల్లవారుజామున 4:45కి లేచి నన్ను బండి మీద జూనియర్ కాలేజీ గ్రౌండ్‌లో దించేవాడు, నేను పరిగెత్తినంతసేపూ గట్టు మీద కూర్చుని ఫోన్‌లో టైం చూసేవాడు. అమ్మ రాత్రే శనగలు నానబెట్టేది. మేనమామ బూట్లు కొనిచ్చాడు. అదే రోడ్డు, అదే ట్రాక్ ప్యాంటు, ఎవరూ ఏమీ అనుకోలేదు.

కాబట్టి ఇంట్లోవాళ్లు వద్దన్నారని అక్కడే ఆగిపోవద్దు చెల్లీ, వాళ్లకి అర్థమయ్యే కారణం చెప్పు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందమ్మా అని చెప్పావా? నాకైతే ఆటలు అన్న మాట కంటే ఆ మాటకి మీ అమ్మ ఎక్కువ కదులుతుందనిపిస్తోంది.

ఇంకోటి. మా గ్రౌండ్‌లో ఏడుగురం అమ్మాయిలం. నాకు మొదట్లో రెండో రౌండ్‌లోనే పొట్టలో పట్టేసేది. ఒక అక్క నాకంటే బాగా పరిగెత్తేది, కానీ నా పక్కనే నా వేగంతోనే వచ్చేది, "ముక్కుతో తీసుకో, నోటితో వదులు, ఆ చెట్టు దాకా చాలు" అనేది. ఆ చెట్టు దాటాక ఇంకో గుర్తు చెప్పేది. నాన్న దించడం వేరు, మామ బూట్లు కొనడం వేరు, ఆ అక్క పక్కన పరిగెత్తడం వేరు. మూడూ కావాలి, కానీ నన్ను గీత దాటించింది మాత్రం ఆ అక్కే. ఉద్యోగాలొచ్చి తలో స్టేషన్‌కి వెళ్లిపోయాక నేను మళ్లీ పరిగెత్తలేదు, ఏడాదిన్నర అయింది. నీ పోస్టు చదివాక ఆమెకి ఫోన్ చేశాను.

---

వాల్తేరు_గాలి

పబ్లిక్ హెల్త్ చదువుతున్నాను, విశాఖ. స్నేహితుల ప్రభావం గురించి క్లాసులో చదివినది ఒకటి ఇక్కడ పనికొస్తుంది.

అమెరికాలో ఎయిర్ ఫోర్స్ అకాడమీలో కొత్తగా చేరినవాళ్లని స్క్వాడ్రన్లుగా విడగొట్టేటప్పుడు ఎవరు ఏ గుంపులో పడాలో వాళ్ల ఇష్టానికి వదలరు. అక్కడి నుంచి తినడం, చదవడం, ఉండడం అంతా ఆ గుంపుతోనే. ముగ్గురు ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించి 2011లో రాశారు. హైస్కూల్ నాటికే ఫిట్‌నెస్ బాగా తక్కువున్నవాళ్లు ఎక్కువగా ఉన్న గుంపులో పడితే మిగతావాళ్ల ఫిట్‌నెస్ కూడా పడిపోయింది, ఫిట్‌నెస్ పరీక్షలో తప్పే అవకాశం పెరిగింది. బాగా ఫిట్‌గా ఉన్నవాళ్లు పక్కన ఉంటే పైకి లాగడం కంటే, వెనకబడినవాళ్లు కిందకి లాగడమే ఎక్కువ కనిపించింది. మిలిటరీ శిక్షణ ఉన్న చోటే అంత ప్రభావం ఉంటే మన ఫోర్ షేరింగ్ రూము సంగతేంటి చెప్పండి. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మనవాళ్లు ఊరికే అనలేదు.

అలాగని రూమ్మేట్లతో గొడవ పడమని కాదు. వాళ్లని మార్చడానికి శక్తి ఖర్చు పెట్టకు, వేరే రూములోనో వేరే బ్రాంచిలోనో ఒకరిని వెతుక్కో. మీ హాస్టల్లో 300 మంది ఉంటే నీలాగే స్కూల్లో ఆడి ఆపేసినవాళ్లు పదిమందైనా ఉంటారు, ఒకరికొకరు తెలియదు అంతే.

పీడీ సార్ చెప్పినదాంట్లో ఒక్క విషయంలో జాగ్రత్త అంటాను. తోడు అంటే వాట్సాప్‌లో అడుగుల పోటీ గ్రూపు పెట్టుకోవడం అనుకోవద్దు. మేం పెట్టుకున్నాం. రోజూ రాత్రి అందరూ స్క్రీన్‌షాట్ పెట్టాలి. జ్వరమొచ్చిన వారం నా పేరు అట్టడుగున ఉండేసరికి సిగ్గుతో గ్రూపులోంచి బయటికొచ్చేశాను, నడకా మానేశాను. మళ్లీ మొదలైంది ఆర్కే బీచ్ వల్ల. పొద్దున్నే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు, రోడ్డంతా మనుషులే, ముసలివాళ్లు, స్కేటింగ్ పిల్లలు, కుటుంబాలు. అంతమంది ఉంటే ఒక్కత్తినే ఉన్నా భయం లేదు, ఎవరూ ప్రత్యేకంగా చూడరు. నీ గ్రౌండ్‌లో నువ్వు ఒక్కదానివే అమ్మాయివి కాబట్టి కళ్లన్నీ నీ మీద పడుతున్నాయి, ఆరుగురు అయితే ఆ చూపు పలచబడుతుంది.

---

పుషప్స్_50

సార్ చెప్పింది నిజమే. మా హాస్టల్‌కి గేటు టైం లేదు, రాత్రి 11కి బయటికెళ్లినా ఎవరూ అడగరు. ఆ విషయం నేను ఆలోచించలేదు. సారీ అండీ.

---

ఖోఖో_పిల్ల

అందరికీ చాలా థాంక్స్. మూడు వారాలు అయింది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

సార్ చెప్పినట్టు కాగితం రాశాను. నలుగురి సంతకాలు అడుగుదామని వెళ్తే 19 మంది పెట్టారు, నాకే ఆశ్చర్యం. అందులో ఇద్దరు సీఎస్ఈ అమ్మాయిలు స్కూల్లో కబడ్డీ ఆడారట, ఒకమ్మాయి అనంతపురంలో జిల్లా స్థాయి హాకీ. ఏడాదిన్నరగా ఒకే మెస్‌లో తింటున్నాం, ఎప్పుడూ మాట్లాడుకోలేదు. జిమ్ తాళం చెవి ఇప్పుడు హాస్టల్ ఆఫీసులో ఉంటుంది, రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకోవచ్చు. సాయంత్రం గేటు టైం మాత్రం మార్చలేదు. పై నుంచి పర్మిషన్ కావాలట, మళ్లీ అడుగుతాం.

గ్రౌండ్ ఇంకా దొరకలేదు. హాస్టల్ వెనక వాటర్ ట్యాంకు పక్కన ఖాళీ జాగా ఉంది, గేటు లోపలే కాబట్టి టైం గొడవ లేదు. మొదటి ఆదివారం రాళ్లేరి, పిచ్చిమొక్కలు పీకి శుభ్రం చేశాం, మా రూమ్మేట్ ఒకమ్మాయి ఆడను కానీ ఊడుస్తానని చీపురు పట్టుకొచ్చింది. ఇప్పుడు సాయంత్రం 5:30కి ఏడుగురం వస్తున్నాం. ఖోఖోకి జట్టుకి తొమ్మిది మంది ఉండాలి, అయినా ఐదుగురు కూర్చుని ఒకరు తరిమితే ఒకరు పరిగెత్తుతున్నారు. మొదటిరోజు నాకు "ఖో" అని అరవడానికి గొంతే లేవలేదు, రెండు రౌండ్లకే పక్కన కూర్చుండిపోయాను. నిన్న ఎనిమిది నిమిషాలు ఆగకుండా ఆడాను. మోకాలు గీరుకుంది.

800 మీటర్లు అక్కా, అమ్మకి ఆయాసం సంగతి చెప్పాను. కంగారుపడి ముందు రక్తపరీక్ష చేయించుకోమంది, చేయించాను, హిమోగ్లోబిన్ తక్కువుంది, డాక్టర్ ఐరన్ మాత్రలు రాశారు. ఇప్పుడు రోజూ ఫోన్ చేసి మాత్ర వేసుకున్నావా, ఆడావా అని రెండూ అడుగుతోంది.

పీడీ సార్, ఒక సందేహం. స్తంభాలు లేక రెండు వైపులా కుర్చీలు పెట్టుకున్నాం, తిరిగేటప్పుడు పట్టుకుంటే పడిపోతున్నాయి. సరుగుడు కర్రలు దొరుకుతాయి అంటున్నారు. ఎంత ఎత్తు ఉండాలి?

---

పీడీ_22ఏళ్లు

చాలా సంతోషం అమ్మా. నేల పైన 120 నుంచి 125 సెంటీమీటర్లు ఉండాలి, 9 నుంచి 10 సెంటీమీటర్ల మందం. భూమిలోకి కనీసం రెండడుగులు దింపండి, లేకపోతే ఊగుతుంది. బెరడు తీయించి, పైభాగం గుండ్రంగా చెక్కించి, అంతా ఉప్పు కాగితంతో రుద్దించు, ఎక్కడా పేడు లేవకూడదు, చేతులు చీరుకుపోతాయి. ట్యాంకు గోడకి దగ్గరగా పాతొద్దు, తిరిగే వేగానికి నాలుగైదు అడుగులు బయటికి వెళ్తారు. ఫోటో పెట్టు, ఎక్కడ పాతాలో చూసి చెప్తాను.